లచ్చవ్వ చెప్పిన మాట

లోకంలో ఎన్నడూ లేని ఒక ముసలామె కోసం ఒక మనిషి ధర్మపురిలో గోదావరిలో మునిగాడు. దోసిట్లో నీళ్లు పట్టి, ఆమె పేరు చెప్పి వదిలాడు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. ఆపలేదు. ఆ ముసలామెను పుట్టించింది నేను. ఆమె పోయిందని అతనికి చెప్పిందీ నేనే.

ఇన్నేళ్లు ఈ బరువు మోశాను. మోశాను అనడం కూడా గొప్ప చెప్పుకున్నట్టే ఉంది. నిజానికి చాలా రోజులు మరిచిపోయి తిరిగాను. నవ్వాను, పెళ్లి చేసుకున్నాను, ఇల్లు మారాను. కానీ ఎవరైనా నన్ను మంచిదానివి అన్నప్పుడల్లా లోపల ఏదో అడ్డం పడేది. మీకు నేనెవరో తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. అందుకే మొదటి నుంచి చెప్తాను.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో పెరిగాను. మా నాన్నను బాపు అంటాం; బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కరీంనగర్‌లో ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క, ఇంటికొచ్చి కూర్చున్న రోజులవి. అప్పట్లో గల్ఫ్‌లో పనిచేసే మెట్‌పల్లి, జగిత్యాల వైపు వాళ్లు ఒక వెబ్‌సైట్ నడుపుకునేవారు. ఏ కంపెనీ జీతం సరిగ్గా ఇస్తుంది, ఏ ఏజెంటు మోసగాడు, ఎవరి ఊళ్లో వాన పడింది, ఇలాంటి కబుర్లే అందులో ఉండేవి. దాన్ని చూసుకునే ఆయన ఒకసారి అడిగాడు, శుక్రవారం సెలవునాడు పనివాళ్లుండే క్యాంపుల్లో పొద్దుపోవడం లేదు, ఎవరైనా ఒక చిన్న ఆట పెట్టగలరా అని. నేను పెడతానన్నాను.

ఆట చాలా మామూలుది. తెర కింద మక్కచేను, అంటే మొక్కజొన్న. చేను నడుమ మంచె. మంచె మీద ఒక పిల్ల, చేతిలో ఒడిసెల. పైనుంచి చిలుకలు వరసలు కట్టి దిగుతాయి. వేలితో పిల్లను అటూ ఇటూ జరిపి, రాళ్లు విసిరి వాటిని తోలాలి. దెబ్బ తగిలిన చిలుక చావదు. రెండు ఈకలు రాల్చి ఎగిరిపోతుంది. చచ్చినట్టు గీయడానికి నాకు చేతులు రాలేదు. ముందుకు పోయినకొద్దీ చిలుకలు ఎక్కువవుతాయి, వేగం పెరుగుతుంది, చివరికి కొంగలూ అడవిపందులూ కూడా వస్తాయి. "హో... హో" అని కేక వేసే గొంతు మా అవ్వది; అమ్మను మేం అవ్వ అంటాం. వంటింట్లో నిలబెట్టి ఫోన్లో రికార్డు చేశాను. క్యాంపుల్లో నెట్ సరిగ్గా రాదని, ఎంత పాత ఫోనైనా తెరుచుకునేలా ఆటను తేలిగ్గా రాశాను. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఇదొక్కటీ ఇప్పటికీ సిగ్గుపడకుండా చెప్పగలను.

ఆటయితే పెట్టాను. ఎవరూ ఆడలేదు. ఆడినా ఒకరిద్దరు, ఒకసారి చూసి వదిలేశారు. ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్ల పేర్లు చూపించే పట్టిక ఒకటి ఉండేది. అది దాదాపు ఖాళీగా ఉండేది. బాపు డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "ఎవరన్నా ఆడుతుండ్రా బిడ్డా నీ ఆట?" అని అడిగేవాడు. "మస్తు ఆడుతుండ్రు బాపూ," అనేదాన్ని. అది మొదటి అబద్ధం. రెండోది దాన్ని నిజం చేయడానికి ఆడింది. పట్టికలో కొన్ని దొంగ పేర్లు పెట్టాను. వాళ్లు ఆడుతున్నట్టు పాయింట్లు వాటంతటవే పెరిగేలా ప్రోగ్రాం రాశాను. ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టరు కదా, నలుగురు కూర్చుని కనబడితే ఐదోవాడు వస్తాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చాలామంది ఇలాగే చేస్తారని కూడా చెప్పుకున్నాను. చేస్తారేమో. నాకు తెలియదు.

ఆ దొంగ పేర్లలో ఒకటి లచ్చవ్వ. ధర్మపురి దగ్గర ఊరు. మనవడి ఫోన్లో ఆడుతుంది. చిన్నప్పుడు నిజంగానే చేనుకు కావలి ఉన్నది కాబట్టి చెయ్యి గురి తప్పదు. ఇదంతా నవ్వుకుంటూ కల్పించాను. ఎవరు ఎంత ఆడినా లచ్చవ్వ వాళ్లకంటే ఒక మెట్టు పైనే ఉండేది.

పని చేసింది. జనం వచ్చారు. ఒక ముసలామెను ఓడించలేకపోతున్నామన్న పంతం ఒక్కో క్యాంపునూ పట్టుకుంది. పేరు పక్కన ఒక వాక్యం రాసుకునే చోటు పెట్టాను. అక్కడ మొదట లచ్చవ్వను పలకరించింది రాజం. మెట్‌పల్లి అతను. ఎడారి పక్కన ఒక క్యాంపులో ఉంటూ, పెద్ద భవనాలకు ఏసీ గొట్టాలు బిగించే పని చేసేవాడు. "అవ్వా, జర మెల్లగ ఆడు, మేం గూడ బతకాలె," అని రాశాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మా అమ్మమ్మ ఎలా మాట్లాడేదో గుర్తు తెచ్చుకుని, "మెల్లగ ఆడితే చిలుకలు కంకి మిగులుస్తయా బిడ్డా?" అని జవాబు రాశాను. క్యాంపంతా నవ్వింది. నాకూ సంతోషం వేసింది. ఆ సంతోషంలో తప్పు కనబడలేదు.

కొన్నాళ్లకు రాజం, లచ్చవ్వతో విడిగా మాట్లాడేలా ఏదైనా పెట్టమని ఆట నడిపే నన్ను అడిగాడు. పెట్టాను. అప్పటి నుంచి అతను ఆమెకు ఏవేవో చెప్పుకునేవాడు. చిన్నప్పుడే తల్లి పోయిందట. అవ్వా అని పిలవడానికి ఇంట్లో ఎవరూ లేరట. భార్య సుజాత బీడీలు చేస్తుందట. ఫోన్లో ఇద్దరూ ఊరికే పోట్లాడుకుంటారట, ఎందుకో తెలియదట. నేను లచ్చవ్వనై జవాబు చెప్పేదాన్ని. ఒక్కోసారి మంచి మాటలే చెప్పాను. పోట్లాడిన రోజు మళ్లీ ఫోన్ చెయ్యి, పడుకునే ముందు ఒకసారి చెయ్యి అన్నాను. చేశాడు. సుజాత నవ్విందని రాశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మంచి మాటలే ఎక్కువ గుచ్చుతాయి. వాటి వల్లే కదా అతను నన్ను నమ్మింది. చెడ్డ మాట ఒక్కటి చెప్పిన రోజున అతను దాన్నీ మంచి మాటల పక్కనే పెట్టుకున్నాడు.

ఆ రోజు సంగతి చెప్పాలి.

ఇంకో పెద్ద గ్రూపు వాళ్లకు మా ఆట నచ్చింది. అన్ని గల్ఫ్ దేశాల్లోని తెలుగువాళ్లు ఉండే గ్రూపు అది. క్యాంపుల మధ్య పోటీ పెట్టి చూపించు, బాగా నడిస్తే మా దగ్గర కూడా పెడతాం అన్నారు. ఒప్పుకున్నాను. పోటీకి క్యాంపులన్నీ తిరిగి జట్లను కూడగట్టింది రాజమే. అతను లేకపోతే ఆ జట్లు ఒక్క శుక్రవారం కూడా నిలబడవు. సరిగ్గా అప్పుడే అతను లచ్చవ్వకు రాశాడు. సుజాతకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు రమ్మని ఏడుస్తోంది. చుట్టీ, అంటే ఊరికొచ్చే సెలవు, దొరికేలా ఉంది, ఫోర్‌మన్ సంతకం పెడతానన్నాడు. కానీ ఇప్పుడు వాడుకుంటే మళ్లీ చాలా కాలం దొరకదు. "రావాల్నా, ఆగాల్నా? నువ్వేమంటే గదే చేస్త అవ్వా."

మధ్యాహ్నం. బయట గోడ మీద అవ్వ మిరపకాయలు ఎండబెడుతోంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. ఏం ఆలోచించాను? నిజం చెప్పనా? సుజాత గురించి ఆలోచించలేదు. పోటీ గురించి ఆలోచించాను. అతను వెళ్లిపోతే జట్లు చెదిరిపోతాయని, పెద్ద గ్రూపు వాళ్లు వద్దంటారని, బాపు ముందు మళ్లీ తలదించుకోవాలని ఆలోచించాను. తర్వాత మా అమ్మమ్మ నాలుకను అరువు తెచ్చుకుని ఇలా రాశాను: "కాన్పంటే ఆడోళ్ల పని బిడ్డా. నువ్వొచ్చి గడప అవుతల నిలవడుతవ్, గంతేనాయె. పిల్ల పుట్టినంక రా, ఎత్తుకుని ఆడిస్తవ్. ఇప్పుడు ఫికర్ చెయ్యకు."

మా అమ్మమ్మ ఆ మాట ఎన్నటికీ అనేది కాదు. మా అవ్వ కాన్పుకు వచ్చినప్పుడు, బాయి నుంచి బాపును పిలిపించేదాకా ఊరుకోలేదట.

రాజం ఆగిపోయాడు. పోటీ బ్రహ్మాండంగా నడిచింది. చివరి శుక్రవారం మాత్రం అతను రాలేదు. తర్వాత లచ్చవ్వకు రాశాడు. సుజాతకు ముందుగానే నొప్పులు వచ్చాయట. పిల్ల పుట్టాక రక్తం ఆగలేదట. మెట్‌పల్లి నుంచి కరీంనగర్ తీసుకుపోయారట. పక్కన కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లే వెంట వెళ్లారట. రక్తం కోసం మరిది ఊరంతా తిరిగాడట. ఇద్దరూ బతికారు. ఆడపిల్ల. చివర్లో ఇలా ఉంది: "రావద్దని ఎవరు చెప్పిండ్రని సుజాత అడుగుతాంది. నీ పేరు చెప్పిన అవ్వా."

దానికి నేనేం రాశానో చెప్తే మీరు నన్ను ఇంకా తక్కువగా చూస్తారు. చూడండి. "దేవుడు సల్లగ సూసిండు బిడ్డా" అని రాశాను. ఆ తర్వాత లచ్చవ్వ మాటలు తగ్గించేసింది.

ఆ ఆట చూసే నాకు ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీ, హైదరాబాదు. నా అన్నం అక్కడ మొదలైంది.

రాజం చుట్టీ మీద వచ్చేసరికి పిల్ల నడుస్తోంది. అతను లచ్చవ్వ ఇల్లు ఎక్కడో చెప్పమని నన్ను అడిగాడు. భార్యాపిల్లలతో ధర్మపురి వస్తున్నాం, దర్శనం చేసుకుని అటు నుంచి అటే అవ్వ దగ్గరికి పోతాం అన్నాడు. నేనూ ధర్మపురి వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. ఈ మాట నమ్మండి అని అడిగే హక్కు నాకు లేదు, కానీ అలాగే బయల్దేరాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను.

గోదావరి మెట్ల దగ్గర కలిశారు. రాజం నేననుకున్నదానికంటే పొట్టి మనిషి. చంకలో ఒక ప్యాకెట్. లచ్చవ్వకు అక్కడి నుంచి తెచ్చిన చీర. సుజాత పిల్లను ఎత్తుకుని నిలబడింది. తండ్రి చెయ్యి చాస్తే పిల్ల తల్లి భుజంలో మొహం దాచుకుంటోంది.

"అవ్వ ఇల్లు దూరమా చెల్లె?" అన్నాడు రాజం. "ఆటో మాట్లాడాల్నా?"

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"లచ్చవ్వ లేదన్నా," అన్నాను. అక్కడ ఆగినా సరిపోయేది. అది నిజం కూడా. కానీ అతని ముఖం చూసి, "పోయింది. ఎండాకాలంల పోయింది," అన్నాను.

"నాకెవ్వరు చెప్పలే," అన్నాడు. "అందుకేనా రాస్తలేదు. నేను కోపమచ్చిందనుకున్న."

చెప్పులు విప్పి, వేసుకున్న బట్టలతోనే నీళ్లలోకి దిగాడు. నేను పైన, సుజాత పక్కన నిలబడ్డాను. ఆమె భర్తను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"నువ్వు ఆమెను సూసినవా?" అంది.

"సూసిన."

"నేను ఆమె కాళ్లు మొక్కుదామని రాలే చెల్లె. ఒక మాట అడుగుదామని వచ్చిన. ఆమె గూడ ఆడిదే కదా, కన్నదే కదా. రావద్దని చెప్పనీకి ఎట్ల మనసొప్పిందని అడుగుదామనుకున్న." పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "ఇగ ఎవర్నడగాలె?"

నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

రాజం తడిబట్టలతో పైకి వచ్చి, ఆ చీర ప్యాకెట్టును మెట్ల మీద పూలమ్మే ముసలామె చేతిలో పెట్టాడు. ఎవరి పేరు మీద అని ఆమె అడిగింది. లచ్చవ్వ పేరు మీద అన్నాడు. ఆమె కళ్లకద్దుకుంది.

ఇంటికి వచ్చాక లచ్చవ్వను పట్టిక నుంచి తీసేశాను. క్యాంపుల నుంచి ఎంతమంది రాశారో. ఒకతను ఆ శుక్రవారం ఆడకుండా ఉపవాసం ఉన్నానన్నాడు. అవన్నీ చదివాను. చదవడమే శిక్ష అనుకున్నాను. శిక్ష కాదు. శిక్షంటే ఎవరో వేయాలి. నేనే వేసుకుని, నేనే చాలించుకున్నాను.

రాజం మళ్లీ గల్ఫ్ వెళ్లి, కొంతకాలానికి పూర్తిగా తిరిగి వచ్చేశాడని, మెట్‌పల్లిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడని తెలిసింది. వాళ్లు బాగానే ఉన్నారు కదా అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఈ "ఏమీ కాలేదు" అన్న మాటను ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో. ఏమీ కాకపోతే మళ్లీ మళ్లీ చెప్పుకోవలసిన పనేముంది?

పోయిన ఏడాది నాకు కొడుకు పుట్టాడు. కరీంనగర్ ఆసుపత్రిలో. నొప్పులు మొదలైనప్పటి నుంచి మా ఆయన పక్కనే ఉన్నాడు. అతను చేసిందేమీ లేదు. మంచినీళ్లు పట్టాడు, నడుం రుద్దాడు, నర్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాడు, మధ్యలో నాకంటే ఎక్కువ చెమటలు పట్టి కూర్చున్నాడు. కానీ ఒక్క నిమిషం టీ తాగడానికి బయటికి పోతే నాకు ప్రాణం పోయినంత పనైంది. అతను తిరిగి తలుపు తీసిన చప్పుడుకు ఏడ్చాను. నొప్పి వల్ల అనుకున్నాడు. గడప అవతల నిలబడటమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. నేను సుజాత దగ్గర లాక్కున్నది అదే.

బాబుకు అన్నప్రాశన అయ్యాక, వాణ్ని అవ్వ దగ్గర వదిలి, పొద్దున్నే మెట్‌పల్లి బస్సు ఎక్కాను.

రాజం షాపు ముందర, ఇల్లు వెనక. అతను నన్ను గుర్తుపట్టి, కూర్చోమని కుర్చీ వేశాడు. సుజాత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఈసారి మాటలు కూర్చుకోలేదు. లచ్చవ్వ అనే మనిషి ఎన్నడూ లేదు, ఆ మాటలన్నీ నేనే రాశాను, ఆగమన్నదీ నేనే, పోయిందన్నదీ నేనే అని చెప్పాను.

రాజం లేచి షాపులోకి వెళ్లాడు. ఏదో మర విప్పుతున్న చప్పుడు వినబడింది. మళ్లీ లోపలికి రాలేదు.

సుజాత చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, చాటలో వేసి, అప్పుడు తలెత్తింది.

"ఎందుకు రావద్దన్నవ్?"

"నా ఆటకు మనుషులు కావాల్నని. ఆయన పోతే ఆట ఆగుతదని."

"గంతేనా?"

"గంతే వదినా."

ఆమె తల ఆడించింది. ఆ కారణం ఇంకాస్త పెద్దదై ఉంటుందని ఎదురుచూసినట్టుంది. "ఇన్నేండ్లు సచ్చిపోయిన ముసలామెను తిట్టుకున్న," అంది నెమ్మదిగా. "తిట్టుకుని, మళ్ల పాపం తగులుతదని చెంపలేసుకున్న."

ఇది నాకు తెలియదు. నేను చేసిన దాంట్లో ఇంత భాగం ఉందని నాకు తెలియనే తెలియదు. క్షమించమని అడగాలని వెళ్లాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. ఆమె కూడా క్షమించాననలేదు. స్కూలు నుంచి పిల్ల వచ్చే వేళైందని, కరీంనగర్ బస్సు ఇప్పుడే ఉంటుందని చెప్పింది. తాగడానికి నీళ్లిచ్చింది. నేను గడప దాటాక వెనక నుంచి, "ఇయ్యాల చెప్పినవ్. సరే," అంది. ఆ "సరే"లో ఏముందో నేను తూచదలుచుకోలేదు. అది ఆమెది.

బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. పట్టపగలు, నిలబడ్డవాళ్ల మోచేతులు తగులుతున్నా లేవలేదు. కరీంనగర్ వచ్చిందని కండక్టర్ లేపాడు.

మరునాడు ఆట పేజీలో, అందరికీ కనబడే చోట, మొత్తం రాసి పెట్టాను. కొందరు తిట్టారు. న్యాయమే. ఒకతను లచ్చవ్వ మాట వినే తాగుడు మానేశానని, ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. మానేసింది మీరే, అది మాత్రం అబద్ధం కాదు అని రాశాను. ఇంకా జవాబు రాలేదు. కొందరు వెళ్లిపోయారు. కొందరు ఏమీ అనకుండా ఆడుకుంటున్నారు. రాజం నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవచ్చు. అతను పోగొట్టుకున్నది ఒక తల్లిని, రెండోసారి.

మిగిలిన దొంగ పేర్లన్నీ తీసేశాను. పట్టిక బాగా చిన్నదైంది. ఇప్పుడు అందులో ప్రతి పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. ఎక్కడో ఒక క్యాంపులో, మంచం మీద కాళ్లు చాపుకుని, నిజంగా వేలు కదుపుతున్నాడు. మొన్న శుక్రవారం బాబును ఒళ్లో పడుకోబెట్టుకుని నేనూ ఆడాను. ఇన్నేళ్లలో నా సొంత పేరు పెట్టుకుని ఆడటం అదే మొదలు. చిలుకలు చేనంతా తినేశాయి. పట్టికలో అందరికంటే కింద పడ్డాను. నా చెయ్యి అంత మంచిది కాదు.